శంషాబాద్ నుంచి డల్లాస్... దారెటు?

ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం ముక్క తీసుకోండి. ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస అమెరికాలోని డల్లాస్ మీద పెట్టి బిగువుగా లాగండి. గోడకు వేలాడే ప్రపంచ పటంలో అమెరికా ఎడమ చివర కనిపిస్తుంది కాబట్టి, దారం గల్ఫ్ మీదుగా యూరప్ చేరి, అట్లాంటిక్ దాటి పడమటికి పోతుందనుకుంటాం. అది పడమటికీ పోదు, తూర్పుకీ పోదు. నిట్టనిలువునా ఉత్తరానికి ఎక్కుతుంది.

ఢిల్లీ పక్కనుంచి హిమాచల్, లద్దాఖ్, కారకోరం మంచుకొండలు. చైనా పడమటి అంచు, కిర్గిజ్‌స్థాన్, కజక్‌స్థాన్. ఆపైన పశ్చిమ సైబీరియా, ఆర్కిటిక్ మహాసముద్రం. గ్రీన్‌లాండ్‌కు కూడా ఉత్తరాన, ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల ఎడంగా సాగి అవతలి వైపు దిగుతుంది. అక్కణ్నుంచి కెనడాలోని ఎల్స్‌మియర్ దీవి, హడ్సన్ అఖాతం పడమటి ఒడ్డు, మినసోటా, ఓక్లహోమా, చివరికి డల్లాస్.

ఇందులో పెద్ద రహస్యం లేదు. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డల్లాస్ 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద. రెండూ కలిపితే 175. సరిగ్గా ఎదురుబొదురు అంటే 180 కదా, అందుకు ఐదే తక్కువ. అలాంటి రెండు ఊళ్ల మధ్య దగ్గరి దారి ధ్రువం పక్కనుంచే పోవాలి. దాని పొడవు సుమారు 14,400 కిలోమీటర్లు.

ఇక కాలం లెక్క. ఖండాలు దాటే పెద్ద విమానాలు గంటకు 900 కిలోమీటర్ల వేగంతో ఎగురుతాయి. భాగిస్తే పదహారు గంటలు. ఎక్కడానికీ దిగడానికీ మరో అరగంట కలుపుకుందాం. చలికాలంలో రాత్రి పదింటికి శంషాబాద్‌లో బయల్దేరితే డల్లాస్ గడియారం ప్రకారం తెల్లవారుజామున మూడింటికి దిగిపోవాలి. కాగితం మీద అంతే. కానీ ఆ విమానం లేదు. టికెట్ల కోసం ఫోను తెరిస్తే కనిపించేవి ఇరవై రెండు గంటలు, ఇరవై ఎనిమిది, ఒక్కోసారి ముప్పై ఆరు కూడా.

మరి మిగతా గంటలు ఎటు పోయాయి?

ఇది ఊరికే వేసుకునే ప్రశ్న కాదు. డల్లాస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో తెలుగు ఇళ్లు ఎన్నో. శంషాబాద్ డిపార్చర్ ద్వారం దగ్గర ఏ అర్ధరాత్రి నిలబడినా ఆ సంగతి తెలిసిపోతుంది. సూట్‌కేసు త్రాసు మీదికెక్కుతుంది. అంకె ఇరవై మూడు దాటగానే ఇంటాయన ముఖం మారుతుంది. జిప్పు తీసి, నాలుగు పొరల పాలిథిన్ కవర్లో చుట్టిన ఆవకాయ డబ్బాను రెండో పెట్టెలోకి మార్చి, అందులోంచి చీరలు తీసి చేతిసంచిలో కుక్కుతారు. కూతురి పురిటికి వెళ్తున్న తల్లి పక్కనే వీల్‌చైర్లో కూర్చుని ఉంటుంది. ఆమె నడవలేక కాదు, దుబాయ్‌లోనో దోహాలోనో గేటు వెతుక్కోలేనన్న భయంతో. ఈ ప్రయాణంలో కిలోమీటర్ల లెక్క ఆమెకు అక్కర్లేదు. ఎన్ని గంటలు, ఎన్నిచోట్ల దిగాలి అన్నదే కావాలి.

దూరం పెద్దగా పెరగదు

రెండు విమానాశ్రయాల పేర్లు కొడితే దూరం చెప్పే లెక్కలన్నీ దాదాపు ఒకే సూత్రం మీద నడుస్తాయి. భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధమున్న గోళంగా అనుకుని, దాని మీద రెండు బిందువుల మధ్య అతి చిన్న వంపు ఎంతో కడతాయి. భూమి అచ్చంగా గోళం కాదు. ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గరి వ్యాసం కన్నా ధ్రువాల మధ్య వ్యాసం 43 కిలోమీటర్లు తక్కువ. దానివల్ల ఇంత పెద్ద దూరంలో తేడా కొన్ని పదుల కిలోమీటర్లే.

వింతేమిటంటే, మధ్యలో ఒకచోట దిగి వెళ్లినా దూరం మరీ పెరగదు. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, అక్కణ్నుంచి డల్లాస్ 12,900 పైచిలుకు. మొత్తం దాదాపు 15,500. దోహా మీదుగా అయితే ఇంకో రెండొందలు ఎక్కువ. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 15,400 లోపే. లుఫ్తాన్సా 2024 జనవరిలో హైదరాబాద్‌కు విమానం మొదలుపెట్టాక ఈ దారీ మనవాళ్లకు దొరికింది. అంటే ఏ దారిన పోయినా దగ్గరి దారికన్నా పెరిగేది వెయ్యి నుంచి పదమూడు వందల కిలోమీటర్లు. విమానానికి అది గంటా గంటన్నర పని. కాబట్టి పోయిన గంటల నేరం దూరానిది కాదు. మొదటి ముద్దాయి గాలి.

గాలి ఎటు, బండి అటు

1920లలో వాసబురో ఓయిషి అనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త బెలూన్లు వదిలి, అవి ఎటు కొట్టుకుపోతున్నాయో కొలిచేవాడు. నేలమీద చిరుగాలి వీస్తున్న రోజున కూడా పైన మహా వేగంగా పడమటి నుంచి తూర్పుకు గాలి పరుగెడుతోందని కనిపెట్టాడు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో తన ఫలితాలను ఎస్పెరాంటో భాషలో ప్రచురించాడు. పాపం, ఆ కారణంగానే ప్రపంచం పెద్దగా చదవలేదు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ మీదికి బాంబులతో వెళ్లిన అమెరికా బీ-29 విమానాలు ఆ గాలికి ఎదురుపడి తికమకపడ్డాకగానీ దాని విలువ బయటివాళ్లకు తెలియలేదు. ఇవాళ దాన్నే జెట్ స్ట్రీమ్ అంటున్నారు.

విమానాలు ఎగిరే పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులోనే ఈ గాలి ఉంటుంది. చలికాలంలో గంటకు మూడొందల కిలోమీటర్ల వేగాన్నీ దాటుతుంది. వెనకనుంచి తోస్తే వరం, ఎదురైతే శాపం. 2020 ఫిబ్రవరిలో అట్లాంటిక్ మీద కియారా తుపాను రేగినప్పుడు బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరిపోయింది. మామూలుగా ఆరున్నర, ఏడు గంటల ప్రయాణం అది. నేలతో పోల్చి చూస్తే ఒక దశలో దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అయినా అది ధ్వని కన్నా వేగంగా పోయినట్టు కాదు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది ఎప్పటి వేగంతోనే ఎగిరింది, ఆ గాలే దాన్ని మోసుకుపోయింది.

ఇక్కడో అపోహ తీర్చాలి. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి పడమటికి వెళ్తే ఊరే ఎదురొస్తుందని, తొందరగా చేరిపోతామని కొందరి వాదన. పెళ్లి విందుల్లో దీనిమీద వేడివేడి చర్చలే నడుస్తుంటాయి. వాతావరణం కూడా భూమితో పాటే తిరుగుతుంది. ఆ లెక్క చెల్లదు. నిజానికి జరిగేది అందుకు తలకిందులుగా ఉంటుంది. దుబాయ్ నుంచి డల్లాస్ వెళ్లేటప్పుడు పదహారు గంటలు దాటుతుంది, తిరిగి వచ్చేటప్పుడు గంటన్నర దాకా కలిసొస్తుంది. కిలోమీటర్లు రెండువైపులా అవే.

గాలి బలం ఎంతో తెలియాలంటే మన దేశపు ఉదాహరణ ఒక్కటి చాలు. ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నేరుగా విమానం మొదలుపెట్టింది. మొదట్లో యూరప్, అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. సుమారు 13,900 కిలోమీటర్లు, దాదాపు పదహారు గంటలు. దారి పొడవునా ఎదురుగాలి. 2016 అక్టోబరులో ఆ విమానాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. సమయం పద్నాలుగున్నర గంటలకు తగ్గింది! పద్నాలుగు వందల కిలోమీటర్లు ఎక్కువ తిరిగి గంటన్నర ముందే దిగారన్నమాట. పాత దారిలో సగటు వేగం గంటకు 870 కిలోమీటర్లయితే కొత్త దారిలో 1,055. విమానం మారలేదు, ఇంజన్లు మారలేదు. ఆదా అయిన ఇంధనం అదనం.

అందుకే దూరప్రయాణపు విమానానికి రోడ్డులాంటి స్థిరమైన దారి ఉండదు. బయల్దేరడానికి కొద్ది గంటల ముందు ఆనాటి గాలుల పటం చూసి డిస్పాచర్లు దారి గీస్తారు. ఉత్తర అట్లాంటిక్ మీద అయితే కెనడాలోని గాండర్, ఇటు షాన్‌విక్ నియంత్రణ కేంద్రాలు రోజుకో కొత్త దారుల జాబితా విడుదల చేస్తుంటాయి. నిన్న ఐస్‌లాండ్ పక్కనుంచి వెళ్లిన విమానం ఇవాళ వందల కిలోమీటర్లు దక్షిణంగా పోవచ్చు.

ఆకాశానికీ గేట్లున్నాయి

గాలి సంగతి కంప్యూటరుకు తెలుసు. సరిహద్దు సంగతి మాత్రం దౌత్యవేత్తలకే తెలియాలి.

దారం చూపించిన దారిలో మొదటి అడ్డంకి హిమాలయాలు, కారకోరం, టిబెట్ పీఠభూమి. విమానం పదకొండు కిలోమీటర్ల ఎత్తులో పోతుంటే కింద కొండలతో పేచీ ఏమిటనిపిస్తుంది. పేచీ ఆపదలో వస్తుంది. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే ప్రయాణికుల తలపైనుంచి మాస్కులు జారతాయి. వాటిలో ఆక్సిజన్ సాధారణంగా పావుగంట అటూ ఇటూ వస్తుంది. ఆలోగా పైలట్ పదివేల అడుగుల ఎత్తుకు దిగిపోవాలి. కింద ఇరవై వేల అడుగుల కొండలుంటే ఎక్కడికి దిగుతాడు? అందుకే ఉత్తర భారతం నుంచి పడమటికి పోయే విమానాలు పాకిస్థాన్ ఆకాశాన్ని వాడుకునేవి.

ఆ గేటు మూసుకుంటే ఏమవుతుందో 2019లో చూశాం. బాలాకోట్ దాడుల తర్వాత ఫిబ్రవరి 27 నుంచి జులై 16 దాకా పాకిస్థాన్ తన ఆకాశాన్ని మూసింది. జులై 2 నాటికే ఎయిర్ ఇండియాకు 491 కోట్ల రూపాయల నష్టమని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. మళ్లీ 2025 ఏప్రిల్ 24 నుంచి అదే కథ. ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా వెళ్లే కొన్ని విమానాలు వియన్నాలోనో కోపెన్‌హాగెన్‌లోనో ఆగి ఇంధనం పోసుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు నుంచి ఢిల్లీ–వాషింగ్టన్ విమానాన్ని ఆపేస్తూ ఎయిర్ ఇండియా చెప్పిన కారణాల్లో ఈ మూసివేత ఒకటి.

రెండో గేటు రష్యా. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022 ఫిబ్రవరి చివర్లో యూరప్, రష్యా ఒకరి విమానాలకు మరొకరు ఆకాశం మూసేసుకున్నారు. అమెరికా సంస్థలకూ రష్యా ఆకాశం అందకుండా పోయింది. దెబ్బ గట్టిగా తగిలింది ఫిన్‌లాండ్‌కు. ఆసియాకు దగ్గరి దారి తమదేనని ఫిన్ఎయిర్ తన వ్యాపారమంతా సైబీరియా దారి మీదే కట్టుకుంది. హెల్సింకి నుంచి టోక్యోకు తొమ్మిదిన్నర గంటల ప్రయాణం ఒక్కసారిగా పదమూడు గంటలయింది. రష్యాను తప్పించుకోవడానికి కొన్ని విమానాలు ఏకంగా ఉత్తర ధ్రువం మీదుగా పోసాగాయి. ప్రయాణికులు సణుక్కోకుండా, ధ్రువం దాటినందుకు ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్లు. దీన్నే కష్టంలో కూడా వ్యాపారం చేసుకోవడం అంటారు.

భారత సంస్థలకు రష్యా గేటు తెరిచే ఉంది. అది లాభమే, కానీ చిక్కు లేని లాభం కాదు. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానం ఇంజన్‌లో ఇబ్బంది రావడంతో రష్యా తూర్పు అంచున మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. భాష రాదు. ఊళ్లో అంతమందికి సరిపడా హోటళ్లు లేక కొందరిని హాస్టళ్లలోనూ బడిలోనూ పడుకోబెట్టారు. మరో విమానం వెళ్లి వాళ్లను శాన్‌ఫ్రాన్సిస్కోకు చేర్చింది జూన్ 8న. పద్నాలుగున్నర గంటల ప్రయాణం రెండు రోజులు దాటింది.

గల్ఫ్ దారిలో మాత్రం అన్నీ భద్రమేనా అంటే, అదీ చెప్పలేం. 2025 జూన్ 23న ఖతార్ కొన్ని గంటలపాటు తన ఆకాశాన్ని మూసేసినప్పుడు దోహాకు వస్తున్న విమానాలు దారి మళ్లి ఎక్కడెక్కడో దిగాయి.

మోసే ఇంధనం, తాగే ఇంధనం

ఇక అసలు ప్రశ్న. శంషాబాద్ నుంచి డల్లాస్‌కు ఆగకుండా పోయే విమానం ఎందుకు లేదు? అంత దూరం పోగలిగే విమానాలు లేకనా? బోలెడున్నాయి. క్వాంటాస్ 2018 మార్చి నుంచి ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి లండన్‌కు నేరుగా ఎగురుతోంది. 14,500 కిలోమీటర్లు, పదిహేడు గంటలకు పైగా. మన హైదరాబాద్–డల్లాస్ దూరం కూడా ఇంచుమించు ఇంతే. సింగపూర్ ఎయిర్‌లైన్స్ న్యూయార్క్ విమానం ఇంకో ఎనిమిది వందల కిలోమీటర్లు ఎక్కువే పోతుంది, దాదాపు పంతొమ్మిది గంటల ప్రయాణం. ఇక బోయింగ్ 777-200ఎల్ఆర్ 2005 నవంబరులో హాంకాంగ్ నుంచి పసిఫిక్, అమెరికా, అట్లాంటిక్ అన్నీ దాటుకుని లండన్‌లో దిగింది. 21,602 కిలోమీటర్లు, 22 గంటల 42 నిమిషాలు. భూమి చుట్టుకొలతలో సగం కన్నా ఎక్కువ. అయితే అది రికార్డు కోసం ఎగిరింది, టికెట్లు అమ్ముకోవడానికి కాదు.

చిక్కంతా డబ్బులో ఉంది. సింగపూర్ వాడే ఎయిర్‌బస్ ఏ350-900 యూఎల్ఆర్‌నే చూడండి. ట్యాంకుల్లో 1,65,000 లీటర్లు పడుతుంది. బరువులో చెబితే సుమారు 130 టన్నులు. విమానం మొత్తం గరిష్ఠ బరువు 280 టన్నులు. అంటే నిండా నింపితే దాదాపు సగం బరువు ఇంధనానిదే. అందులో సీట్లు 161 మాత్రమే. మనిషికీ సామానుకూ కలిపి వంద కిలోల చొప్పున వేసుకున్నా పదహారు టన్నులు. పదహారు టన్నుల మనుషుల కోసం నూటముప్పై టన్నుల నూనె! దారిలో మేత దొరకదని ఎద్దు వీపు మీదే గడ్డిమోపు కట్టి తోలితే, ఆ మోపు మోసినందుకు అది ఇంకాస్త మేస్తుంది. దూరప్రయాణపు విమానం లెక్క కూడా అదే. మొదటి గంటల్లో కాలే ఇంధనంలో గణనీయమైన భాగం చివరి గంటల ఇంధనాన్ని మోయడానికే ఖర్చవుతుంది. మధ్యలో దిగి పోసుకుంటే ఈ బరువు తప్పుతుంది.

ఆ 161 సీట్లలో మామూలు ఎకానమీ సీటు ఒక్కటీ లేదు. 67 బిజినెస్, 94 ప్రీమియం ఎకానమీ. సింగపూర్–న్యూయార్క్ మధ్య బ్యాంకర్లు, కంపెనీ పెద్దలు ఆ ధర పెడతారు. కూతురి పురిటికి వెళ్లే తల్లిదండ్రులకు, ఆగస్టులో చదువుకు బయల్దేరే కుర్రాడికి ఆ లెక్క కుదరదు. హైదరాబాద్–డల్లాస్ మధ్య ప్రయాణికులకు కొదవ లేదు. కానీ వాళ్లలో ఎక్కువమంది చౌక టికెట్ కోసం వెతికేవాళ్లే. సంస్థలు వెనకాడేది అందుకే.

ప్రయత్నం అసలు జరగలేదనీ కాదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం వేసింది. హైదరాబాద్ నుంచి ఆగకుండా అమెరికా చేరిన మొదటి సర్వీసు అది. రికార్డు సృష్టించిన 777-200ఎల్ఆర్ రకమే, 238 సీట్లు. వారానికి ఒక్కసారి. విమానాశ్రయంలో హడావుడి బాగానే జరిగింది. సర్వీసు మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు.

ధ్రువం మీద మంచు, ట్యాంకులో మంచు

షికాగో సర్వీసు మొదలైన 2021 జనవరిలోనే, 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానం చరిత్రలో నిలిచింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో తన్మయి పాపగారి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్ దాన్ని నడిపారు. కాక్‌పిట్‌లో అందరూ ఆడవాళ్లే. సుమారు 14,000 కిలోమీటర్ల దూరం ఉన్న రెండు ఊళ్ల మధ్య ఉత్తర ధ్రువం మీదుగా వచ్చి, జనవరి 11 తెల్లవారుజామున బెంగళూరులో దిగారు. ధ్రువ ప్రాంతం మీదుగా అంతకుముందే, 2019 ఆగస్టు 15న, ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం ఒకటి వెళ్లింది.

ధ్రువం మీద ఎగరడం గొప్పలకు పోయే పని కాదు. ఆ ఎత్తులో బయటి చలి మైనస్ అరవై అయిదు డిగ్రీలకు, ఇంకా కిందికీ పడిపోతుంది. విమానాలు వాడే జెట్ ఏ-1 ఇంధనం మైనస్ 47 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. అమెరికాలో ఎక్కువగా దొరికే జెట్ ఏ అయితే మైనస్ 40కే. రెక్కల్లోని ట్యాంకులు గంటల తరబడి ఆ చలిలో నానుతుంటాయి. ట్యాంకు ఉష్ణోగ్రత చూపే చిన్న అంకె మీద పైలట్లు ఒక కన్నేసే ఉంటారు. గడ్డకట్టే స్థాయికి మూడు డిగ్రీల దగ్గరికి వస్తే వెచ్చటి గాలి కోసం కిందికి దిగాలి, లేదా వేగం పెంచాలి. వేగం పెరిగితే గాలి రాపిడికి రెక్క కాస్త వేడెక్కుతుంది. రెండు పనులకూ ఇంధనం ఎక్కువే ఖర్చు.

అయస్కాంత దిక్సూచి అక్కడ పనికిరాదు. అత్యవసరంగా దిగాల్సివస్తే చుట్టుపక్కల విమానాశ్రయాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. దిగినా బయట అడుగుపెట్టాలంటే సిబ్బందికి ప్రత్యేకమైన చలి దుస్తులు ఉండాలని నిబంధన. రెండే ఇంజన్లున్న విమానమైతే, ఒకటి ఆగినా రెండోదానితో నిర్ణీత సమయంలో ఏదో ఒక విమానాశ్రయం చేరుకునేలా దారి గీయాలి. ఆ సమయం ఒకప్పుడు 60 నిమిషాలు. 1985లో 120 నిమిషాలకు పెంచారు. 2011లో బోయింగ్ 777కి 330 నిమిషాల దాకా అనుమతి దొరికింది. ఒంటి ఇంజన్‌తో ఐదున్నర గంటలు! వినడానికి గుండె జారినా, ఇంజన్ల నమ్మకం అంతగా పెరిగింది మరి.

టికెట్ మీది తీసివేత

గంటల విషయంలో కొందరు ఇంట్లోనే మోసపోతారు. టికెట్‌లో బయల్దేరే వేళ, చేరే వేళ చూసి తీసివేస్తారు. రెండూ ఆయా ఊళ్ల గడియారాల ప్రకారం రాసినవి. చలికాలంలో హైదరాబాద్ కన్నా డల్లాస్ పదకొండున్నర గంటలు వెనక. తెల్లవారుజామున నాలుగింటికి ఎక్కి అదే తేదీ సాయంత్రం నాలుగున్నరకు దిగుతారని రాసి ఉంటే, పన్నెండున్నర గంటలే అని మురిసిపోకండి. అసలు ప్రయాణం ఇరవై నాలుగు గంటలు. తిరుగు ప్రయాణంలో ఆ కాలమంతా వడ్డీతో తిరిగి కట్టాలి. సోమవారం ఎక్కితే బుధవారం దిగడం మామూలే.

విమాన సమయం అని సంస్థలు చెప్పేది కూడా గాల్లో ఉన్న సమయం కాదు. గేటు వదిలినప్పటి నుంచి అవతలి గేటు చేరే వరకు లెక్క. రన్‌వే దాకా పాకడం, వంతు కోసం ఆగడం అన్నీ అందులోనే. డల్లాస్ విమానాశ్రయమైతే 17,000 ఎకరాలకు పైనే. విస్తీర్ణంలో న్యూయార్క్‌లోని మన్‌హట్టన్ దీవిని మించినది. అక్కడ నేలమీద కాలినడకకూ, టెర్మినళ్ల మధ్య తిరిగే రైలుకూ కాస్త వ్యవధి ఉంచుకోవాల్సిందే.

ఇక ఒంటి సంగతి. నాలుగు గంటలకు మించిన ప్రయాణంలో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన అధ్యయనం తేల్చింది. అయినా అది ఆరువేల మందిలో ఒకరికి వచ్చే ఇబ్బంది. భయపడక్కర్లేదు, అలాగని పదహారు గంటలు కదలకుండా కూర్చోనూకూడదు. కిటికీ సీటు కన్నా నడవ పక్క సీటు పెద్దవాళ్లకు మేలు. రెండు గంటలకోసారి లేచి నడవడానికి పక్కవారిని లేపాల్సిన మొహమాటం ఉండదు.

క్వాంటాస్ ఈ కోణంలో గట్టి పరీక్షే చేసింది. 2019 అక్టోబరులో న్యూయార్క్ నుంచి సిడ్నీకి 49 మందితో 19 గంటల 16 నిమిషాలు ఎగిరి, పైలట్లూ ప్రయాణికులూ ఎలా నిద్రపోతున్నారో కొలిచారు. సిడ్నీ–లండన్ మధ్య సుమారు 17,000 కిలోమీటర్లు ఆగకుండా పోయే సర్వీసు కోసం అదనపు ట్యాంకుతో ఎయిర్‌బస్ ఏ350-1000లను ఆర్డరిచ్చింది. 2027లో మొదలుపెడతామంటోంది. ప్రయాణం ఒక్కోసారి 22 గంటల దాకా సాగుతుందని అంచనా. ఆ పథకానికి పెట్టిన పేరు ప్రాజెక్ట్ సన్‌రైజ్. ఆ పేరు వెనక పాత జ్ఞాపకం ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇదే సంస్థ పెర్త్ నుంచి సిలోన్‌కు నీటిమీద దిగే కాటలీనా విమానాలు నడిపింది. ఆగకుండా ముప్పై గంటలు అటూ ఇటూ. ఎక్కినవాళ్లు ఆకాశంలోనే రెండుసార్లు సూర్యోదయం చూసేవాళ్లు.

ఆగకుండా డల్లాస్ చేరే విమానం శంషాబాద్‌కు వచ్చేదాకా అమ్మానాన్నలకు టికెట్ తీసేవాళ్లు నాలుగు సంగతులు చూసుకుంటే మంచిది. మొదటిది, రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోదానికి బాధ్యత ఎవరిదీ కాదు. రెండోది, ఆగే చోటు అమెరికా బయట ఉండాలి. అమెరికాలో మొదట అడుగుపెట్టిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ ముగించుకుని, సాధారణంగా సామాను కూడా తీసుకుని మళ్లీ అప్పగించాలి. షికాగోలో దిగి డల్లాస్‌కు మారడం కన్నా, దుబాయ్‌లోనో దోహాలోనో మారి నేరుగా డల్లాస్‌లో దిగడం పెద్దవాళ్లకు తేలిక. సామాను శంషాబాద్‌లో ఇస్తే డల్లాస్‌లోనే కంటపడుతుంది. మూడోది, మధ్యలో కనీసం రెండున్నర, మూడు గంటల వ్యవధి. గంటంబావుకే మారాలంటే వీల్‌చైర్ తోసే మనిషి వచ్చేసరికే విమానం వెళ్లిపోతుంది. పది వేలు తగ్గుతుందని పన్నెండు గంటలు కుర్చీలో కూర్చోబెట్టడమూ న్యాయం కాదు.

నాలుగోది గడియారం. డల్లాస్ నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి, మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరుగుతుంది. ఎయిర్‌పోర్టుకు ఎన్నింటికి రావాలని అడిగే బంధువులకు ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి.